కొత్త హీటర్లు పెట్టాక పడిపోయిన గ్రేడ్: ఇంగ్లండ్‌లో ఒక అద్దె ఫ్లాట్ ఈపీసీ కేసు

నేపథ్యం

ఇంగ్లండ్‌లో ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఎనర్జీ పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ ఉండాలి. వాడుకలో అందరూ దాన్ని ఈపీసీ అనే అంటారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో నమోదైన ఎసెసర్ ఇంటికి వెళ్లి గోడలు, కప్పు, కిటికీలు, హీటింగ్, వేడినీళ్ల ఏర్పాటు చూసి, ఆ వివరాలను నిర్ణీత సాఫ్ట్‌వేర్‌లో నింపితే కొన్ని పాయింట్లు వస్తాయి. 92, ఆపైన అయితే ‘ఎ’ గ్రేడ్. 55 నుంచి 68 దాకా ‘డి’. 39 నుంచి 54 దాకా ‘ఇ’. 21 నుంచి 38 దాకా ‘ఎఫ్’. అంతకన్నా తక్కువైతే ‘జి’. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా చూడవచ్చు.

అమ్మేవారికి సర్టిఫికెట్ ఉంటే చాలు, గ్రేడ్ ఎంతైనా అమ్ముకోవచ్చు. అద్దెకిచ్చేవారి పరిస్థితి వేరు. 2015లో వచ్చిన నియమాల ప్రకారం 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త అద్దె ఒప్పందాలకు, 2020 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే నడుస్తున్న ఒప్పందాలకు కూడా కనీసం ‘ఇ’ గ్రేడ్ తప్పనిసరి అయింది. మినహాయింపు నమోదు చేయించుకోకుండా ‘ఎఫ్’, ‘జి’ ఇళ్లను అద్దెకిస్తే స్థానిక కౌన్సిల్ ఒక్కో ఇంటికి 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

నేను ఈ ఎసెసర్ పని చేస్తున్నాను. ఇక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఒక ఫ్లాట్ కొనుక్కుని, దాన్ని ఏజెంట్‌కు అప్పగించి హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోయిన తెలుగు కుటుంబాలు నా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. దూరంగా ఉన్న యజమాని ఇంటిని ఫోటోల్లోనే చూస్తారు. ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది ఏజెంట్ మాటనో, హీటర్లు అమ్మే వ్యాపారి మాటనో పట్టుకుని తేలుతుంది. ఈ కేసు అలాంటిదే. యజమానుల ఒప్పుకోలుతో, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను.

ఇల్లు మిడ్‌ల్యాండ్స్‌లోని ఒక నగరంలో, 1890ల నాటి ఇటుక ఇళ్ల వరుసలో చివరిది. 1990లలో ఎవరో దాన్ని రెండు ఫ్లాట్లుగా విడగొట్టారు. మా కేసు పై ఫ్లాట్‌ది: మొదటి అంతస్తులో హాలు, వంటగది, బాత్‌రూం, లోపలి మెట్లెక్కితే అటకను మార్చి కట్టిన రెండు పడక గదులు. గ్యాస్ కనెక్షన్ కింది ఫ్లాట్‌కు మాత్రమే ఉంది. దంపతులు ఫ్లాట్ కొని, కొంతకాలం ఉండి, 2013లో హైదరాబాద్ వెళ్తూ అద్దెకిచ్చారు. అప్పుడు తీసుకున్న ఈపీసీలో 47 పాయింట్లు, ‘ఇ’ గ్రేడ్.

ఎదురైన సమస్య

2023 శరదృతువులో పాత అద్దెదారు ఖాళీ చేశారు. సరిగ్గా అప్పుడే పదేళ్ల సర్టిఫికెట్ గడువూ తీరింది. ఒప్పందం కొనసాగుతూ ఉండగా గడువు తీరితే వెంటనే కొత్తది తీసుకోవాలన్న నియమం లేదు. కొత్త అద్దెదారుకు ఇవ్వాలంటే మాత్రం కావాలి. ప్రకటనలోనే గ్రేడ్ చూపాలి కాబట్టి ఏజెంట్ సర్టిఫికెట్ లేకుండా ఫ్లాట్‌ను జాబితాలో పెట్టనన్నారు. తాళాలు అదే ఊళ్లో ఉన్న యజమానురాలి వదినగారి దగ్గర ఉన్నాయి. ఆవిడే వచ్చి ఇల్లు తెరిచారు.

చూసిన వివరాలు నింపితే ముసాయిదాలో వచ్చినవి 25 పాయింట్లు, అంటే ‘ఎఫ్’. నేను దాన్ని రిజిస్టర్‌లోకి పంపకుండా ముందు యజమానులతో మాట్లాడాను. రిజిస్టర్‌లోకి వెళ్లినది ఏజెంటుకూ కౌన్సిల్‌కూ రేపటి కొనుగోలుదారుకూ కనిపిస్తుంది. ఇల్లు ఖాళీగా ఉంది, అద్దెకివ్వడం ఇంకా మొదలుకాలేదు, కాబట్టి ఏం చేయాలో తేల్చుకున్నాక నమోదు చేయడంలో నియమభంగమేమీ లేదు.

యజమానురాలి ప్రశ్న సహజమైనదే. “పాత స్టోరేజ్ హీటర్లు తీయించి 2019లో అన్నీ కొత్తవి పెట్టించాం కదండీ, వైఫై కూడా ఉంది, మార్కులు పెరగాల్సింది పోయి తగ్గడమేమిటి?” అని అడిగారు. స్టోరేజ్ హీటర్లంటే రాత్రి చౌక కరెంటుతో లోపలి ఇటుకల్లో వేడి నింపుకుని పగలు వదిలేవి. నిజంగానే పాత అద్దెదారు అవి తెల్లవారుజామున మండిపోతాయనీ సాయంత్రానికి చల్లబడతాయనీ ఫిర్యాదు చేస్తే, ఒక వ్యాపారి సలహా మీద గోడకు తగిలించే సన్నటి ప్యానెల్ హీటర్లు పెట్టించారు. వాటితోపాటే రాత్రి చౌక రేటు ఇచ్చే రెండు రేట్ల మీటర్‌ను మామూలు ఒక్క రేటు మీటర్‌గా మార్పించారు. ఆ తర్వాత నాలుగేళ్లపాటు పాత సర్టిఫికెట్ ‘ఇ’గానే చెల్లింది, ఎందుకంటే ఇంట్లో ఏం మారినా పదేళ్ల కాగితం దానంతటది మారదు. పడిపోయిన గ్రేడ్ బయటపడింది 2023లోనే.

పాయింట్లు ఎందుకు పడ్డాయి

ఈపీసీ పాయింట్లు ఇల్లు ఎంత కరెంటు వాడుతుందో నేరుగా కొలవవు. హాలు 21 డిగ్రీల వద్ద, మామూలు రోజుల్లో తొమ్మిది గంటలు, శని ఆదివారాల్లో పదహారు గంటలు వేడిగా ఉంచితే, ఆ ఇంటి వైశాల్యానికి సగటున ఉండే జనం వేడినీళ్లు వాడితే, చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుందో లెక్కగడతాయి. ఆ ఖర్చుకు వాడే ధరలు కూడా పద్ధతిలోనే రాసి ఉంటాయి. ఈ లెక్క పద్ధతి పేరు ఎస్ఏపీ. అప్పట్లో అమల్లో ఉన్న ఎస్ఏపీ 2012 పట్టికలో యూనిట్ గ్యాస్ 3.48 పెన్నీలు, మామూలు కరెంటు 13.19 పెన్నీలు, ఏడు గంటల రాత్రి రేటు మీటర్‌లో చౌక సమయం 5.50, మిగతా సమయం 15.29 పెన్నీలు. అసలు మార్కెట్ ధరలు 2023లో వీటికన్నా చాలా ఎక్కువగా ఉన్నా, కరెంటు గ్యాస్‌కు సుమారు నాలుగు రెట్లు ఉండడమన్నది పట్టికలోనూ ఉంది, బిల్లులోనూ ఉంది.

ప్యానెల్ హీటర్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుంది. పాత హీటరైనా కొత్త హీటరైనా, వైఫై ఉన్నా లేకపోయినా అంతే. “నూటికి నూరు శాతం సామర్థ్యం” అని పెట్టె మీద రాసిన మాట అబద్ధం కాదు, కాని పాయింట్లను నిర్ణయించేది ఆ యూనిట్ ధర. ఈ ఫ్లాట్‌కు ఏడాదికి 6,000 యూనిట్ల వేడి కావాలనుకుందాం. మామూలు రేటున పట్టిక ధరల్లో అది 791 పౌండ్లు. మొత్తం రాత్రి రేటున అయితే 330 పౌండ్లు. స్టోరేజ్ హీటర్‌లో కొంత వేడి అవసరం లేని వేళ వృథా అవుతుంది, కొంత వాడకం పగటి రేటుకూ పోతుంది, కాబట్టి తేడా ఇంత పూర్తిగా రాదు. అయినా పాత హీటర్లకు 47 ఎందుకు వచ్చిందో, కొత్తవాటితో ఎందుకు పడిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

రెండో కారణం అటక. ఇటువంటి గదులకు మెట్లు స్థిరంగా ఉంటే పద్ధతి వాటిని “కప్పులో గది”గా లెక్కిస్తుంది. వాలు కప్పు లోపల ఇన్సులేషన్ ఉందో లేదో పైనుంచి కనబడదు. ఎసెసర్ ప్లాస్టర్ పగలగొట్టకూడదు, కనబడినదీ కాగితం మీద ఉన్నదీ తప్ప రాయకూడదు. ఆధారం లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆ గది కట్టిన కాలాన్నిబట్టి ఊహిస్తుంది. కాలానికి కూడా ఆధారం లేకపోతే ఇంటి కాలమే దానికీ వర్తిస్తుంది. 1890ల కప్పు అంటే ఇన్సులేషన్ లేనట్లే, యు-విలువ 2.3. అంటే బయటకూ లోపలకూ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు 2.3 వాట్ల వేడి బయటకు పోతుందని. అదే గది 1990లలో కట్టినదని రుజువైతే ఊహించే విలువ 0.35. 2013 సర్టిఫికెట్‌లో ఆ గది తర్వాతి కాలపు నిర్మాణమనే రాసి ఉంది, కాని దేన్నిబట్టి రాశారో ఆ కాగితంలో లేదు, ఆ ఎసెసర్ నమోదు నా నమోదుకు ఆధారం కాదు.

ఫలించని ఆలోచనలు

మొదట వచ్చిన సలహా ఏజెంట్‌ది: ఇంకొక ఎసెసర్ చేత చేయిస్తే గట్టెక్కవచ్చునని. ప్రతి ఎసెసర్ నమోదుల్లో కొన్నింటిని సంస్థ ఆడిట్‌కు తీసుకుంటుంది, ప్రతి వివరానికి ఫోటో అడుగుతుంది. ఆధారం లేని పాయింట్లు ఈ ఏడాది వచ్చినా వచ్చే ఆడిట్‌లో పోతాయని చెప్పాను. యజమానులు దాన్ని మళ్లీ ఎత్తలేదు.

రెండోది కిటికీలు. ఒంటి అద్దాల పాత కిటికీలు చూడగానే చలి గుర్తొస్తుంది కాబట్టి యజమానుల మనసు అటే పోయింది. లెక్క వేసి చూపించాను. కిటికీలన్నీ కలిపి సుమారు 8 చదరపు మీటర్లు. ఒంటి అద్దానికి యు-విలువ 4.8, కొత్త జంట అద్దాలకు 2.0. మార్చితే డిగ్రీకి 22 వాట్లు మిగులుతాయి. అటక కప్పు సుమారు 40 చదరపు మీటర్లు, అక్కడ 2.3 నుంచి 0.35కు వస్తే లెక్కలో మిగిలేది 78 వాట్లు. పైగా కిటికీలకు కొన్ని వేల పౌండ్లు, కప్పుకు అది ఎప్పుడు కట్టారో చెప్పే ఒక కాగితం. ఇంకో చిక్కు కూడా ఉంది: ఫ్లాట్ లీజ్‌హోల్డ్, అంటే దీర్ఘకాల లీజు మీద కొన్నది; కిటికీ చట్రాలు లీజు ప్రకారం ఫ్రీహోల్డర్‌వి, అంటే భవనం అసలు యజమానివి; వీధి సంరక్షిత ప్రాంతంలో ఉంది. అనుమతులు వచ్చేలోగా చలికాలం గడిచిపోతుంది. కిటికీలు పక్కన పెట్టాం.

మూడోది హైదరాబాద్ నుంచి యజమాని చేసిన సూచన, తెలివైనదే. “హీటర్లు ఉంచేసి మీటర్ ఒక్కటి మళ్లీ రెండు రేట్లకు మార్పిస్తే రాత్రి రేటు వస్తుంది కదా?” సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. ఏడు గంటల మీటర్‌లో నేరుగా వేడిచేసే హీటర్ల వాడకం మొత్తం పగటి రేటులోనే పడుతుందని పద్ధతి భావిస్తుంది, ఎందుకంటే ప్యానెల్ హీటర్ వేడిని దాచుకోలేదు. అప్పుడు 13.19 బదులు 15.29 పడుతుంది, 6,000 యూనిట్లకు 917 పౌండ్లు. వేడినీళ్ల ట్యాంకులో కొంత కలిసొస్తుంది గాని ఆ లాభం ఈ నష్టాన్ని పూడ్చదు. అద్దెదారు నిజ జీవితంలోనూ ఇదే జరుగుతుంది: సాయంత్రం ఆరు గంటలకు చలేస్తే అప్పటి రేటుకే హీటర్ వేస్తారు.

గ్యాస్ బాయిలర్ గురించి తక్కువే మాట్లాడుకున్నాం. కొత్త కనెక్షన్, పైపులు, రేడియేటర్లు, పొగగొట్టానికి ఫ్రీహోల్డర్ ఒప్పుకోలు కలిపితే నియమాలు విధించిన 3,500 పౌండ్ల పరిమితి ఎప్పుడో దాటిపోతుంది.

ఆ పరిమితి గురించి ఒక మాట. ‘ఇ’ గ్రేడ్‌కు తేవడానికి యజమాని వ్యాట్‌తో కలిపి 3,500 పౌండ్ల వరకే ఖర్చు పెట్టాలి. అంతలో వీలయినవి చేసినా ‘ఇ’ రాకపోతే ఐదేళ్ల మినహాయింపు నమోదు చేసుకోవచ్చు. అత్యంత చౌకైన మెరుగుదలే ఆ పరిమితి దాటితే మూడు కొటేషన్లతో మినహాయింపు అడగవచ్చు. యజమానులకు ఈ దారి ఆకర్షణీయంగా కనిపించింది. నేను వద్దన్నందుకు రెండు కారణాలు. చౌకైనవి ఇక్కడ చాలానే మిగిలి ఉన్నాయి, కాబట్టి అర్హతే సందేహం. రెండోది, మినహాయింపు యజమానికి దక్కేది, ఇంటికి కాదు. రేపు ఫ్లాట్ అమ్మితే కొన్నవారికి అది బదిలీ కాదు. అద్దెకివ్వాలని కొనేవారు ‘ఎఫ్’ చూసి ధర తగ్గించమంటారు. అమ్మేసి వదిలించుకుందామన్న ఆలోచన కూడా అంతటితో ఆగింది.

మొదటి దశ: కాగితం, ట్యాంకు, బల్బులు

కప్పు ఆధారాన్ని రెండు వైపుల నుంచి వెతికాం. అటక గదిలో మోకాలెత్తు గోడ వెనక ఒక చిన్న తలుపు ఉంది, రంగు వేసి మూసేశారు, ముందు బీరువా. అది పగలగొట్టే అధికారం నాకు లేదు. యజమానుల ఒప్పుకోలుతో వదినగారు మనిషిని పెట్టి తెరిపించాక లోపల గోడ వెనక 100 మిల్లీమీటర్ల మినరల్ వూల్ కనబడింది, టేపు పెట్టి ఫోటో తీశాను. కాని వాలు కప్పులో ఏముందో అక్కడి నుంచి కనిపించదు. పైకప్పు కిటికీ చట్రం మీది చిన్న లోహపు పలక ఆ కిటికీ తయారీ వివరం చెబుతుంది గాని దాని చుట్టూ ఉన్న కప్పులో ఏం కూరారో చెప్పదు.

అందుకని కాగితం కోసం వెళ్లాం. చాలామంది ముందు కౌన్సిల్‌కు రాస్తారు. ఈ కేసులో నేను ముందు అడిగించింది ఫ్లాట్ కొన్నప్పటి సొలిసిటర్‌ను, అంటే కొనుగోలు కాగితాలు చూసిన లాయర్‌ను. కొనుగోలు సమయంలో విడగొట్టిన ఇంటికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ (నిర్మాణ నియమాల) ఆమోదం ఉందా అని సొలిసిటర్ అడగడం మామూలు. జవాబుగా వచ్చిన కాగితాలు ఫైల్లో ఉండిపోతాయి. అటక మార్పుకు 1994లో కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ విభాగం ఇచ్చిన కంప్లీషన్ సర్టిఫికెట్ (పని నియమాల ప్రకారం పూర్తయిందన్న పత్రం) నకలు ఆ ఫైల్లోనే దొరికింది. దాంతో ఆ గది 1991–1995 కాలానికి చేరింది, ముసాయిదా 25 నుంచి 36కు వచ్చింది. ఇంటిలో ఒక్క మేకు కొట్టకుండా పదకొండు పాయింట్లు.

‘ఇ’కి ఇంకా మూడు కావాలి. వేడినీళ్ల ట్యాంకు మీద పల్చటి పాత తొడుగు ఉంది. 80 మిల్లీమీటర్ల జాకెట్, థర్మోస్టాట్ పెట్టించాం. మిగిలిన పాత బల్బులన్నీ ఎల్ఈడీలుగా మార్పించాం. 40 వచ్చింది.

ఇక్కడ నేనూ యజమానులూ ఏకీభవించలేదు. నా అభిప్రాయం హీటర్లు కూడా అప్పుడే మార్చాలని. 40 అంటే అంచు మీద నిలబడ్డట్టే, లెక్క పద్ధతి మారితే కిందపడవచ్చు. అద్దెదారు కట్టే బిల్లు 36 దగ్గరా 40 దగ్గరా దాదాపు ఒకటే. వారి అభిప్రాయం చట్టం అడిగింది ఇచ్చాం కదా అని. అప్పుడు వార్తలూ వారి వైపే ఉన్నాయి: అద్దె ఇళ్లకు ‘సి’ గ్రేడ్ తప్పనిసరి చేయాలన్న పాత ప్రతిపాదనను 2023 సెప్టెంబరులో అప్పటి ప్రధాని రిషి సునాక్ విరమించారు. రెండు నగరాల్లో రెండు ఇళ్ల ఖర్చు మోస్తున్నవారు ఆగిపోవడంలో తప్పు పట్టలేం. 40తో సర్టిఫికెట్ నమోదు చేశాను. డిసెంబరులో కొత్త అద్దెదారులు దిగారు.

సర్టిఫికెట్ నిలబడింది, ఇల్లు నిలబడలేదు

జనవరి బిల్లు చూశాక అద్దెదారులు ప్యానెల్ హీటర్లన్నీ ఆపేసి, హాల్లో మాత్రం ఒక హీటర్ వేసుకోవడం మొదలుపెట్టారు. ఫిబ్రవరికల్లా పై పడక గదిలో ఉత్తరపు గోడ మూల నల్లగా బూజు పట్టింది. ఏజెంట్ నుంచి యజమానులకు వచ్చిన ఫోటోలు నాకు పంపి, కప్పు కారుతోందా అని అడిగారు.

వెళ్లి చూశాను. కప్పులో లోపం కనబడలేదు. వరుసలో చివరి ఇల్లు కాబట్టి ఆ పక్క గోడ బయటకు తెరిచి ఉంది, అది 1890ల మొత్తం ఇటుక గోడ. ఇటుకలు పొడుగ్గా ఒకటి, అడ్డంగా ఒకటి పేర్చి ఉన్నాయి. మధ్యలో ఖాళీ లేని గోడకు అదే గుర్తు. ఇన్సులేషన్ లేకపోతే దాని యు-విలువ 1.7. 1994 మార్పులో కప్పు బాగుపడింది, ఆ గోడ అలాగే ఉండిపోయింది. కింద వంట, స్నానం, ఆరేసిన బట్టల తడి గాలి మెట్ల మీదుగా పైకి పోతుంది; వేడిలేని గదిలో అత్యంత చల్లటి తలం ఆ మూల. తడి అక్కడే నీరవుతుంది. కారడమైతే మరక వానతో పెరగాలి, పైనుంచి కిందికి గీతలా దిగాలి. ఇది వానలేని చలి వారాల్లోనే పెరిగింది, మూలలో చుక్కలు చుక్కలుగా ఉంది.

కిటికీలు తెరవండి, గోడ తుడవండి అని రాసి వదిలేయవచ్చు, చాలా నివేదికల్లో అంతే ఉంటుంది. బయట రెండు డిగ్రీలున్నప్పుడు, వేడి చేసుకునే స్తోమత లేనివారికి ఆ సలహా ఉపయోగపడదు. బూజు మూలం హీటర్లు ఆపేయడం, ఆపేయడానికి మూలం యూనిట్ ధర అని నేను రాశాను. ఆరు నెలల కాలం ముగియగానే వేసవిలో అద్దెదారులు వెళ్లిపోయారు. ఫ్లాట్ మళ్లీ ఖాళీ.

రెండో దశ

ఈసారి యజమానులే ఫోన్ చేసి, “ఇప్పుడు చెప్పండి, మీరు ముందు అన్నది ఏమిటి?” అన్నారు. చట్టం ఇక ఏమీ అడగడం లేదు. వారు లెక్క వేసుకున్నది ఖాళీ నెలల అద్దె, ఏజెంట్‌కు మళ్లీ ఇవ్వాల్సిన ఫీజు, గోడకు రంగు. కొన్నేళ్లకొకసారి అవి పడితే హీటర్ల ఖర్చును మించుతాయని వారే తేల్చారు.

రెండు దారులు ముందుంచాను. ఒకటి ఉత్తరపు గోడకు లోపలి నుంచి ఇన్సులేషన్. బూజు మూలకు సూటి మందు అదే. కాని పాత మొత్తం ఇటుక గోడ వాన తడిని పీల్చి మళ్లీ ఆరబెట్టుకుంటుంది; లోపల ఆవిరి కదలనివ్వని ఫోమ్ బోర్డు బిగిస్తే గోడ చల్లబడుతుంది, తడి మధ్యలో చిక్కుకుంటుంది, గోడలో దూర్చిన కొయ్య దూలాల చివర్లు కుళ్లే ప్రమాదం ఉంది. చెక్కనార పలకలు, సున్నపు గార లాంటి గాలాడే పద్ధతి కావాలి, ముందు బయటి ఇటుక సందులు బాగుచేయాలి, అవి ఫ్రీహోల్డర్‌వి. దానికి సమయం పడుతుంది.

రెండోది వేడిని ఎక్కువసేపు నిలుపుకునే కొత్త తరహా స్టోరేజ్ హీటర్లు. పాత పేరే అయినా పని వేరు: లోపలి ఇటుకల చుట్టూ మంచి ఇన్సులేషన్ ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, మరుసటి రోజు ఎంత వేడి కావాలో బట్టి రాత్రి ఎంత నింపుకోవాలో అదే నిర్ణయించుకుంటుంది. పాత అద్దెదారు చెప్పిన సాయంత్రపు చలికి ఇది జవాబు. ముందు ఇది చేద్దాం, గోడ తర్వాత చూద్దాం అన్నాను. ఇల్లంతా చౌకగా వేడెక్కితే మూల కూడా కొంత వేడెక్కుతుంది. అదే గోడ ముందు చేస్తే ఇల్లు చల్లగానే ఉండి తడి ఇంకో మూల వెతుక్కుంటుంది.

మూడు హీటర్లు, వైరింగ్ కలిపి 3,500 పౌండ్లకు కొంచెం లోపలే అయ్యాయి. ఇందులో మూడు విషయాల మీద పట్టుబట్టాను. కొనే మోడల్ పద్ధతి గుర్తించే ఉత్పత్తుల డేటాబేస్‌లో ఉందో లేదో బిల్లు కట్టకముందే చూడాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు స్టోరేజ్ హీటర్‌గానే లెక్కిస్తుంది. 2019లో ఎలక్ట్రీషియన్ రాత్రి సర్క్యూట్‌ను తీసేశాడు, దాన్ని మళ్లీ వేయాలి, ట్యాంకు కాయిల్‌ను కూడా దానికే కలపాలి. ఇక మీటర్: రెండు రేట్లకు మార్చాకే నేను రావాలి. పరిశీలన రోజున గోడ మీద ఒక్క రేటు మీటర్ ఉంటే వచ్చే వారం మారుతుందన్న హామీని నేను నమోదు చేయలేను. కరెంటు కంపెనీ ఆ మార్పుకు తీసుకున్న సమయమే మొత్తం పనిలో అన్నిటికన్నా పెద్ద ఆలస్యమైంది.

చివరకు 60 వచ్చింది, ‘డి’ గ్రేడ్. కొత్త అద్దెదారులకు ఏజెంట్ చేత ఒక పేజీ సూచనలు ఇప్పించాం: చౌక గంటలు ఎప్పుడు, హీటర్‌ను గోడ దగ్గర స్విచ్‌లో ఆపేయకూడదని, వాషింగ్ మెషీన్ రాత్రి వేసుకోమని. స్టోరేజ్ హీటర్ ఉన్న ఇంట్లో చాలా ఫిర్యాదులు హీటర్‌వి కావు, మంచి ఉద్దేశంతో రాత్రి స్విచ్ ఆపేసినవారివి. పగటి రేటు మామూలు రేటుకన్నా ఎక్కువని కూడా ఆ పేజీలో దాచకుండా రాయించాను. రోజంతా ఇంట్లో ఉండి వండుకునేవారికి ఆ తేడా తెలుస్తుంది.

తర్వాతి చలికాలంలో ఉత్తరపు మూలలో బూజు బాగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

ఈ కేసు తర్వాత నా పని తీరు

హీటర్లు మారుస్తున్నామని ఎవరైనా చెబితే ఇప్పుడు నేను మొదట అడిగేది మీటర్ ఫోటో, ఆ తర్వాతే హీటర్ మోడల్. స్టోరేజ్ హీటర్లు తీసి ప్యానెల్ హీటర్లు పెడుతున్నవారికి, డబ్బు కట్టకముందే రెండు ముసాయిదాలు పక్కపక్కన చూపిస్తాను. అది కొద్ది సమయం పట్టే పని.

అటక గది ఉన్న ఇంటికి బయల్దేరే ముందే సొలిసిటర్ ఫైల్, కౌన్సిల్ కాగితాలు అడిగిస్తున్నాను. తలుపులకు అడ్డంగా ఉన్న సామాను తీయించమని ముందే రాస్తున్నాను. అమ్మేవారి విషయంలో ఇది ఇంకా ముఖ్యం: కంప్లీషన్ సర్టిఫికెట్ ఎలాగూ కొనుగోలుదారు సొలిసిటర్ అడుగుతారు, అదేదో ప్రకటనకు ముందే దొరికితే గ్రేడ్ కూడా బాగుపడుతుంది.

2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం అద్దె ఇళ్లకు 2030కల్లా ‘సి’ స్థాయి, ఒక్కో ఇంటికి 15,000 పౌండ్ల దాకా ఖర్చు పరిమితి ప్రతిపాదిస్తూ సంప్రదింపుల పత్రం ఇచ్చింది. 2025 జూన్ 15 నుంచి ఇళ్ల పరిశీలన పద్ధతి కూడా మారింది. కిటికీలను విడివిడిగా కొలవాలి, ఆధారాల పట్టింపు పెరిగింది. కాబట్టి 2024లో వచ్చిన 60 కొత్త పద్ధతిలోనూ అలాగే వస్తుందని నేను యజమానులకు చెప్పలేదు. ‘సి’కి 69 కావాలి. ఆ తొమ్మిది పాయింట్లు ఉత్తరపు గోడలోనే ఎక్కువగా ఉన్నాయి, దాని బయటి ఇటుక సందుల పని గురించి ఫ్రీహోల్డర్‌కు యజమానులు రాసిన లేఖకు జవాబు రావాల్సి ఉంది.